సంతాప సభలో సాక్షి

(గుంటూరు బ్రాడీపేటలో ఒక గ్రంథాలయ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

సంతాప సభల్లో ఎలా మాట్లాడాలో చెప్పమని నిర్వాహకులు ఫోన్ చేసినప్పుడు నాకు ముందు నవ్వు వచ్చింది, తరువాత కొంచెం సిగ్గు వేసింది. ముప్పై అయిదేళ్లు కళాశాలలో తెలుగు పాఠం చెప్పినవాడిని కదా, ఏ ప్రబంధం మీదనో, ఛందస్సు మీదనో మాట్లాడమంటారని అనుకుంటే, పోయినవారి గురించి మాట్లాడటం నేర్పమన్నారు. ఈ ఊళ్లో నాకు ఆ పేరు స్థిరపడిపోయింది. పొద్దున్నే నేను ఎవరికైనా ఫోన్ చేస్తే అవతలివారు నమస్కారం కూడా చెప్పకుండా "ఎవరండీ?" అంటారు. ఎవరు మాట్లాడుతున్నారని వారు అడగడం లేదు, ఎవరు పోయారని అడుగుతున్నారు.

సిగ్గు వేసిన సంగతి కూడా చెప్పి విషయంలోకి వస్తాను. సుమారు ఇరవై ఏళ్ల కిందట తెనాలి వైపు ఒక పల్లెలో మా సహోద్యోగి తండ్రిగారి పెద్దకర్మ జరిగింది. ఇంటి ముందు షామియానా, పూలదండ వేసిన పటం, పటం ముందు దీపం, పక్క వీధిలో భోజనాల ఏర్పాటు. మీరందరూ ఎన్నోసార్లు చూసిన దృశ్యమే. నేను పదిహేను నిమిషాలు మాట్లాడాను. నిరాడంబరులు, మితభాషి, పదిమందికి అన్నం పెట్టిన చేయి, ఆయన లేని లోటు ఈ గ్రామానికి తీరనిది అంటూ, వాక్యం వెనుక వాక్యం తడుముకోకుండా చెప్పాను. చెప్పి దిగివస్తుంటే మైకు సెట్టు అతను తీగ చుట్టుకుంటూ నాతో ఎంతో గౌరవంగా అన్నాడు: "చాలా బాగా చెప్పారు మాస్టారూ. పోయిన నెల దుగ్గిరాలలో కూడా ఇదే చెప్పారండి, అక్కడా బాగుంది." అతని మాటలో వెటకారం లేదు. నెలకు పది పన్నెండు పెద్దకర్మలకు మైకు పెట్టేవాడు కనుక అతనికి నా ప్రసంగం కంఠతా వచ్చేసింది. దుగ్గిరాలలో నేను మాట్లాడింది ఒక రైస్ మిల్లు యజమాని గురించి. ఇక్కడ మాట్లాడింది ప్రాథమిక పాఠశాలలో పనిచేసి విరమించిన ఉపాధ్యాయుడి గురించి. ఇద్దరికీ ఒకే కొలతతో చొక్కా కుట్టాను, అది ఇద్దరికీ సరిపోయిందని సభ తలూపింది.

ఆ రాత్రి బస్సులో ఇంటికి వస్తూ అతను చెప్పిన ఇంకొక మాట గుర్తు చేసుకున్నాను. భోజనాల దగ్గర పక్కన కూర్చుని మాటల్లో పెట్టి అడిగితే, తాను ప్రసంగాలను ఎలా వింటాడో చెప్పాడు. "ఫలానా సంవత్సరంలో ఫలానా దంపతులకు జన్మించి" అని మొదలైతే పెట్టె మీద చేయి తీసి టీ తాగడానికి వెళతాడట. "ఒకసారి ఏమైందంటే" అన్న మాట వినబడితే మళ్లీ వచ్చి శబ్దం కొంచెం పెంచుతాడట. అలంకారశాస్త్రంలో నేను చదువుకున్నదంతా ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు. అప్పటినుంచి నేను సంతాప సభకు వెళ్లేటప్పుడు కోర్టు బోనులోకి వెళుతున్నట్టు అనుకుంటాను. అక్కడ సాక్షిని మీ అభిప్రాయం ఏమిటని అడగరు. మీరు ఏమి చూశారు, ఎప్పుడు చూశారు, ఎంత దూరం నుంచి చూశారని అడుగుతారు. ఇతరులు చెప్పగా విన్నది సాధారణంగా చెల్లదంటారు. మన క్రైస్తవ సోదరులు ప్రార్థన కూడికల్లో తమ అనుభవం చెప్పడాన్ని 'సాక్ష్యం' అనే అంటారు. అంతకన్నా సరైన పేరు ఈ పనికి నాకు తోచలేదు.

ఈ మైకు ప్రసంగం మనకు ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం చూద్దాం. హిందూ అంత్యక్రియల్లో సభను ఉద్దేశించి మాట్లాడే ఘట్టం లేదు. మంత్రాలు అగ్నిని, యముణ్ణి, పితృదేవతలను, పోయినవాణ్ణి ఉద్దేశిస్తాయే గాని చుట్టూ నిలబడ్డవారిని ఉద్దేశించవు. విజయవాడ కృష్ణలంక స్వర్గపురికి మీరు ఎన్నిసార్లు వెళ్లి ఉంటారో గుర్తు చేసుకోండి. అక్కడ చితి పక్కన నిలబడి ఎవరైనా ప్రసంగించడం చూశారా? నాయకుల విషయం వేరు. మామూలు మనుషులకు అక్కడ మిగిలేది నీళ్ల కుండ, భుజం మీద తడిగుడ్డ, వెనక్కి తిరిగి చూడవద్దనే హెచ్చరిక. అయితే దారిలో ఒక చోట మాత్రం మాట ఉంది. పాడెను దింపి, చెవి దగ్గర నోరు పెట్టి పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. దింపుడు కళ్లం అంటాం. ఏమో, పలుకుతాడేమోనన్న ఆశ. ఆ ఆశ నుంచి ఒక జాతీయమే పుట్టింది. మన సంప్రదాయంలో మరణం తరువాత పలికే తొలి మాట పోయినవాడితోనే, అతని పేరుతోనే మొదలవుతుందన్న సంగతి గమనించండి.

రెండవది శోకాలు. ఇప్పటి పిల్లలు వినివుండకపోవచ్చు. నా చిన్నతనంలో మా ఊళ్లో శవం దగ్గర కూర్చుని ఆడవాళ్లు రాగం తీసి ఏడ్చేవారు. బస్తీలకు వచ్చాక మనం దాన్ని నామోషీగా భావించి మానేశాం. "ఎందుకమ్మా ఆ శోకాలు, ఊరుకోండి" అని విసుక్కోవడం నేర్చుకున్నాం. కాని ఆ ఏడుపులో మాటలు ఉండేవి, వాటిని నేను చెవులారా విన్నాను. మా మేనత్త తన భర్త శవం పక్కన కూర్చుని, పొలం నుంచి వచ్చి మజ్జిగ అడిగేవాడివే, చెంబు అందించేలోగా కేకలేసేవాడివే, ఇవాళ చెంబు పట్టుకుని నిలబడ్డాను, ఒక్క కేక వెయ్యవేమయ్యా అని ఏడ్చింది. పెద్దపిల్ల పెళ్లికి చేసిన అప్పు తీరలేదే, ఆ కాగితం ఎక్కడ పెట్టావో చెప్పకుండా పోయావే అని ఏడ్చింది. పక్కింటివాళ్లు వేసిన గట్టు గొడవ కూడా అందులో వచ్చింది. వరసలు పెట్టి, తేదీలు లేకుండా, ఒక మనిషి బతుకంతా అరగంటలో ఆ చావడిలో పరిచింది. ఆయన కోపం, ఆయన అప్పు, ఆయన దాహం అన్నీ ఉన్నాయి. 'మహోన్నత వ్యక్తిత్వం' అన్న మాట లేదు.

ఇది పామరుల పద్ధతి అనుకునేవారు ఇతిహాసాల వైపు చూడాలి. రామాయణంలో రావణుడి శవం మీద పడి మండోదరి చేసిన విలాపంలో భర్త పరాక్రమం ఎంత ఉందో, ఆయన ఎవరి మాటా వినలేదన్న నిష్ఠూరం అంత ఉంది. భారతం స్త్రీపర్వంలో గాంధారి యుద్ధభూమిని కృష్ణుడికి చూపిస్తూ ఒక్కొక్క శవాన్నీ గుర్తుపట్టి చెబుతుంది. భూరిశ్రవుడి భార్యలు తెగిపడిన అతని చేతిని పట్టుకుని ఏడవడం అందులోనే ఉంది. ఆ పర్వాన్ని తిక్కన తెలుగు చేసి ఏడు వందల ఏళ్లు దాటింది. మొత్తం వీరుడి గురించి మాట్లాడలేక ఒక చేతి గురించి మాట్లాడటం అన్నది వ్యాసుడి కాలానికే తెలిసిన విద్య. మనం మైకు వచ్చాక దాన్ని మరిచిపోయాం. మైకు ముందు నిలబడగానే 'నువ్వు' పోయి 'వారు' వచ్చింది, నిష్ఠూరం పోయి విశేషణం వచ్చింది.

ఇక ఇతర మతాల పద్ధతులు. గుంటూరువారికి వీటిని తెలుసుకోవలసిన అవసరం ఎక్కువ, ఎందుకంటే మనం వారంలో రెండు మూడు రకాల ఇళ్లకు పరామర్శకు వెళతాం. 1842లో జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ ఈ ఊరు వచ్చి లూథరన్ మిషన్ ప్రారంభించిన నాటి నుంచి ఇక్కడ క్రైస్తవ భూస్థాపన ఆరాధనలు జరుగుతున్నాయి. అక్కడ పెట్టె ఎదురుగానే ఉంటుంది, దుఃఖం ఇంకా పచ్చిగా ఉంటుంది, సిద్ధం కావడానికి ఒక్క రాత్రి కూడా ఉండకపోవచ్చు. కథోలిక సంఘంలో నియమం ఇంకా కచ్చితంగా ఉంది. మరణించినవారి కోసం అర్పించే దివ్యబలిపూజలో గురువు చేసే వాక్యోపదేశం స్తుతి ప్రసంగంగా మారకూడదని వారి పూజా విధి నిర్దేశిస్తుంది. సత్ప్రసాదం తరువాతి ప్రార్థన అయ్యాక, చివరి వీడ్కోలు ప్రార్థనకు ముందు, కుటుంబం తరఫున ఒకరు నాలుగు మాటలు చెప్పుకోవడానికి వీలుంది. కాబట్టి గుణదల వైపు ఎవరింట్లోనైనా మిమ్మల్ని మాట్లాడమంటే, ఎప్పుడు, ఎంతసేపు అన్నది ముందే ఫాదర్‌గారిని అడగండి. ముస్లింల జనాజా నమాజు నిలబడి చేసే ప్రార్థన. అందులో రుకూ (నడుము వంచడం), సజ్దా (నుదురు నేలకు ఆనించడం) ఉండవు, చనిపోయినవారి కోసం దువా, అంటే వేడుకోలు ఉంటుంది, ప్రసంగం ఉండదు. అక్కడ మీరు మౌనంగా నిలబడటమే మర్యాద. మాట్లాడాలని ఉంటే తరువాత ఇంటికి వెళ్లి మాట్లాడండి. విజయవాడలో ఇంకొక సంప్రదాయం కూడా ఉంది. గోరా, సరస్వతీ గోరా దంపతులు 1940లో ముదునూరులో ప్రారంభించిన నాస్తిక కేంద్రం 1947లో విజయవాడకు వచ్చింది. ఆ భావాలున్న కుటుంబాల్లో, వామపక్ష కుటుంబాల్లో కర్మకాండ ఉండదు, కొందరు దేహాన్ని వైద్య కళాశాలకు ఇస్తారు, సంస్మరణ సభ ఒక్కటే జరుగుతుంది. అంటే అక్కడ ఉన్నదంతా మాటే. అటువంటి సభలో మాట్లాడేవాడికి బాధ్యత రెట్టింపు అవుతుంది, చేతకాని ప్రసంగాన్ని కప్పిపుచ్చడానికి మంత్రాలు, భోజనాల హడావుడి ఉండవు గనుక.

మాటల ఎంపిక గురించి కొంచెం ఎక్కువసేపు చెబుతాను, ఇది నా వృత్తిరోగం. చనిపోయారన్న ఒక్క విషయానికి తెలుగులో ఇంటింటికీ ఒక క్రియ ఉంది. వైష్ణవుల ఇంట్లో పరమపదించారు, శైవుల ఇంట్లో శివైక్యం చెందారు, క్రైస్తవుల ఇంట్లో ప్రభువునందు నిద్రించారు, పార్టీ ఆఫీసులో అమరులయ్యారు, పత్రికల్లో కన్నుమూశారు, ఊళ్లో పోయారు. ఏ ఇంట్లో ఏ క్రియ వాడాలో తెలియకపోతే 'పోయారు' అనండి, దానికి మతం లేదు, మర్యాదకు లోటూ లేదు. ఒక నాస్తికుడి సంస్మరణ సభలో ఒక పెద్దమనిషి ఆయన స్వర్గం నుంచి మనల్ని చూస్తున్నారన్నప్పుడు, ముందు వరసలో కూర్చున్న ఆయన కుమార్తె తల వంచుకుంది. నలభై ఏళ్లు ఆయన కాదన్నదాన్ని ఆయన పటం ముందే ఆయనకు అంటగట్టడం మంచి ఉద్దేశంతో చేసిన అన్యాయం.

'కీర్తిశేషులు' ఎంత గొప్ప మాటో ఆలోచించండి. శేషం అంటే మిగిలినది. దేహం పోయి కీర్తి ఒక్కటే మిగిలినవాడని అర్థం. ఆహ్వాన పత్రికల్లో పేరు ముందు రెండక్షరాలుగా కుదించి కుదించి దాన్ని అరగదీశాం. 'అజాతశత్రువు' మరీ ప్రమాదకరమైనది. ధర్మరాజుకు ఉన్న పేరది. ఆయనకే దాయాదులు పదకొండు అక్షౌహిణులతో ఎదురు నిలబడ్డారు. నేను వెళ్లిన ఒక సభలో వేదిక మీద అయిదుగురు కూర్చుంటే అందులో ఇద్దరికి పోయినాయనతో కోర్టులో స్థలం దావా నడుస్తోంది. వక్త 'అజాతశత్రువు' అనగానే సభలో అందరూ ఆ ఇద్దరి వైపూ చూశారు. 'తీరని లోటు' గురించి నేను వేరే చెప్పనక్కరలేదు, ఆ మాట వాడకుండా సంతాపం చెప్పగలనని పందెం కాసి చూడండి. ఇక వేదిక మీదివారిని పిలిచేటప్పుడు 'వేదికను అలంకరించిన' అని పలకడం. పటం ముందు దీపం వెలుగుతున్న చోట ఎవరూ దేనినీ అలంకరించడం లేదు. అలవాటుగా చప్పట్లు కొట్టడం కూడా ఈమధ్య చూస్తున్నాను. వ్యాఖ్యాత ముందే ఒక్క మాట చెబితే అది ఆగుతుంది.

ఇప్పుడు సిద్ధం కావడం. పెద్దకర్మ దాదాపు పదకొండు రోజులకు వస్తుంది కనుక మనకు చర్చిలో మాట్లాడేవారికి లేని వెసులుబాటు ఉంది, దాన్ని వృథా చేయకూడదు. ఒక సాయంత్రం ఆ ఇంటికి వెళ్లండి. "ఆయన ఎటువంటి మనిషి?" అని అడగవద్దు, అడిగితే "చాలా మంచివారండీ" అంటారు, మీరు ఖాళీ చేతులతో తిరిగివస్తారు. పొద్దున లేవగానే ఏం చేసేవారు, కూరలకు ఎవరు వెళ్లేవారు, చొక్కా జేబులో ఏం పెట్టుకునేవారు, ఎవరి ఫోన్ వస్తే గొంతు మారేది అని అడగండి. ముఖ్యంగా ఆడవారి గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడు ఈ శ్రమ తప్పనిసరి. ఎందుకంటే మన సభల్లో భార్య పోయినా భర్త జీవిత చరిత్రే చదువుతారు. ఆమె ఫలానా హోదాలో పనిచేసిన ఫలానా వారి సతీమణి, ఆదర్శ గృహిణి, ముగ్గురు పిల్లలను ప్రయోజకులను చేసిన తల్లి అని చెప్పి, తరువాత పది నిమిషాలు ఆ ప్రయోజకుల ఉద్యోగాల గురించి మాట్లాడతారు.

అరండల్‌పేటలో మాకు తెలిసిన ఒక పెద్దావిడ పోయినప్పుడు నన్ను మాట్లాడమన్నారు. నాకు ఆవిడ గురించి తెలిసినదల్లా ఆవిడ పెట్టిన కాఫీ. వెళ్లి కోడలిని అడిగితే, కాసేపు ఆలోచించి, వంటింటి అలమరలోంచి నూనె మరకలు పడిన ఒక పొడుగు లెక్కల పుస్తకం తెచ్చి చేతిలో పెట్టింది. అది ఆవకాయ పుస్తకం. ప్రతి వేసవికీ ఒక పేజీ. ఎన్ని కాయలు కొన్నారు, ఎంత పెట్టి కొన్నారు, మిరపకాయలు కిలో ఎంత, అవి ఏ రోజు ఎండబోశారు, కారం ఏ మరలో ఆడించారు, ఆవాలు, మెంతులు, నువ్వులనూనె ఎంతెంత పడ్డాయి, చివర జాడీలు ఎవరెవరికి వెళ్లాయి అన్న లెక్క పెన్సిలుతో రాసుకుంది. కాయలు పీచు పట్టని ఏడాది 'బాగా కుదరలేదు, ఎవరికీ చెప్పలేదు' అని రాసుకుంది. కొన్ని పేర్ల పక్కన ఒక ఏడాది నుంచి అడ్డగీత ఉంది, వారు పోయారన్నమాట. ఒక పేరు పక్కన మాత్రం వరుసగా ఏడెనిమిదేళ్లు 'ఉంచాను' అని ఉంది. పంపాను అని లేదు.

సభలో నేను ఆ పుస్తకం పట్టుకుని నిలబడి ఒక పేజీ చదివాను. మిరపకాయల ధర దగ్గర జనం నవ్వారు, ఇది గుంటూరు కదా. జాడీలు అందుకున్నవారి పేర్లు చదువుతుంటే ఒక్కొక్కరూ కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. ఆ ఊపులో 'ఉంచాను' అన్న పేరు కూడా చదివేశాను. అది ఆవిడ మరిదిగారి పేరు. ఆస్తి పంపకాల్లో మాట పట్టింపు వచ్చి ఆ ఇంటి గడప తొక్కడం మానేసిన మనిషి. ఆ రోజు ఎవరికీ చెప్పకుండా వచ్చి షామియానా చివర నిలబడి ఉన్నారు. నేను చదివిన తరువాత ఆయన నిలబడలేకపోయారు, ఎవరో కుర్చీ తెచ్చి వేశారు. ఈ కథను ఇక్కడ ఆపితే మీరు నన్ను మెచ్చుకుంటారు, కాని ఇంకా ఉంది. మరునాడు కోడలు ఫోన్ చేసి, "మాస్టారూ, పుస్తకం ఇచ్చింది నేనే, కాని ఆ పేరు చదువుతానని మీరు నాతో ఒక్క మాట అనవలసింది. మామయ్యగారు రాత్రంతా నిద్రపోలేదు" అంది. ఆమె చెప్పింది నిజం. దొరికిన సాక్ష్యమంతా సభలో పెట్టడానికి మనకు హక్కు లేదు. అప్పటి నుంచి ఏది చదవబోతున్నానో దాన్ని ఇంట్లో ఒకరికి ముందే చూపిస్తాను, వద్దన్నది కొట్టేస్తాను.

లోపాల గురించి తప్పకుండా అడుగుతారు. పోయినవారి గురించి మంచి తప్ప పలకవద్దన్న లాటిన్ సామెత ప్రపంచమంతా తిరిగింది. అది గ్రీకు జ్ఞాని చిలోన్ మాటగా చెబుతారు. మనకు రాముడు ఉన్నాడు. రావణుడికి సంస్కారం చేయడానికి విభీషణుడు సంకోచిస్తే, వైరాలు మరణంతో ముగిశాయి, ఇతడు నీకు ఎంతో నాకూ అంతే, సంస్కారం చెయ్యి అన్నాడు. రావణుడు మంచివాడని మాత్రం రాముడు అనలేదు. నా లెక్కలో హద్దు అక్కడ ఉంది. వైరం ఆపాలి, అబద్ధం ఆడకూడదు. తాగి ఇల్లు గుల్ల చేసిన మనిషిని త్యాగమూర్తి అంటే, ఆ ఇంట్లో దెబ్బలు తిన్నవారు మీ ఎదురుగానే కూర్చుని ఉంటారు. ఆ అబద్ధం వారికి ఇంకొక దెబ్బ. తాగుడు మాట ఎత్తనక్కరలేదు, కాని మీరు చూసిన ఒక మంచి సంఘటనను దాని కొలతలోనే చెప్పండి, దాన్ని ఆ మనిషి జీవితమంతటికీ పరచవద్దు. కోపం, పిసినారితనం, మొండితనం వంటివి ఇంటివాళ్లే నవ్వుతూ చెప్పుకుంటుంటే మీరూ చెప్పవచ్చు. వంద రూపాయల రసీదు కోసం మునిసిపల్ ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగిన మిత్రుడి సంగతి నేను చెప్పినప్పుడు అందరికన్నా ముందు ఆయన భార్యే నవ్వింది.

ఆత్మహత్య అయితే ఎలా పోయారన్నది మాట్లాడవద్దు, దాన్ని ధైర్యమనో విముక్తి అనో అసలే అనవద్దు. ఆ సభలో అదే బాధలో ఉన్న మరొకరు వింటూ ఉండవచ్చు. పసిపిల్లలు పోయిన ఇంట్లో ప్రసంగం చేయవద్దు. దేవుడికి ఇష్టమై తీసుకువెళ్లాడన్న మాట ఆ తల్లి ముందు పలకవద్దు. బిడ్డ పేరు చెప్పి, చేతులు జోడించి కూర్చోండి.

నాయకుల సంతాప సభలు వేరే జాతి. క్రీస్తు పూర్వం 431లో యుద్ధంలో మరణించిన ఏథెన్స్ సైనికుల కోసం ఆ నగర నాయకుడు పెరిక్లిస్ చేసినట్టుగా గ్రీకు చరిత్రకారుడు థూసిడిడీస్ రాసిన ప్రసంగం లోకప్రసిద్ధమైనది; అందులో చనిపోయిన ఏ సైనికుడి పేరూ రాదు, ప్రశంస చాలావరకు ఏథెన్స్ నగరానిదే. మన పార్టీ సభల్లో పోయినవారికన్నా పార్టీ గురించి ఎక్కువ మాట్లాడటానికి అంత పాత వంశం ఉంది. అందుకు భిన్నంగా 1948 జనవరి 30 రాత్రి గాంధీజీ హత్య తరువాత నెహ్రూ ఆకాశవాణిలో రాసుకున్న కాగితం లేకుండా మాట్లాడారు. మన జీవితాల్లోంచి వెలుగు పోయిందన్నారు. కొద్దిసేపటికే, వెలుగు పోయిందన్నాను, అది తప్పు అని తన మాటను తానే దిద్దుకున్నారు. దుఃఖంలో ఉన్న మనిషి మాట్లాడితే అలా ఉంటుంది. నున్నగా సాగిపోయే వాక్యం కన్నా ఆగి దిద్దుకున్న వాక్యాన్ని సభ నమ్ముతుంది.

అయినా మీరు కాగితం లేకుండా వెళ్లవద్దు. మనం నెహ్రూలం కాము, పైగా గొంతు ఎక్కడ పూడుకుపోతుందో మనకు ముందు తెలియదు. నా దస్తూరీతో ఫుల్‌స్కేప్ ఒక వైపు రాస్తే మూడు నిమిషాలు వస్తుంది. ఒకటిన్నర వైపులకు మించి నేను రాయను. పెద్ద అక్షరాలతో, వాక్యానికీ వాక్యానికీ ఖాళీ వదిలి రాసుకోండి. అదే కాగితం నకలు ఒకటి పక్కవారికి ఇవ్వండి, మీరు చదవలేకపోతే వారు అందుకుంటారు. ఏడుపు వస్తే ఆగండి, నీళ్లు తాగండి, క్షమాపణ చెప్పవద్దు. 1863 నవంబరు 19న అమెరికాలోని గెటిస్‌బర్గ్ సైనిక శ్మశానవాటిక దగ్గర ఎడ్వర్డ్ ఎవరెట్ రెండు గంటలు మాట్లాడితే, తరువాత లింకన్ మూడు నిమిషాల లోపే ముగించారని, గుర్తున్నది లింకన్ మాటలేనని చాలామంది చెబుతారు. దాన్ని మా సభల్లో చెప్పి ప్రయోజనం లేదని నా అనుభవం. "రెండు మాటలు చెప్పి ముగిస్తాను" అన్నవారే భోజనాల రెండో బంతి లేచేదాకా దిగరు. ప్రముఖులు వచ్చినప్పుడు, ఏడుస్తూ మాట్లాడుతున్న మనుమరాలిని ఆపి వారికి దారి ఇవ్వడం కూడా చూశాను. నిర్వాహకులు కఠినంగా ఉండవలసిన చోటు అది; వచ్చినవారు కూర్చుని వింటారు, తప్పేమీ లేదు.

మౌనం సంగతి ఒకటి మిగిలింది. 1918లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరంలో, మొదటి ప్రపంచ యుద్ధంలో పోయినవారిని తలుచుకుంటూ, మధ్యాహ్నం ఫిరంగి పేలగానే ఊరంతా నిలిచిపోయే అలవాటు మొదలైంది. మరుసటి ఏడు నవంబరు 11న బ్రిటిష్ సామ్రాజ్యమంతటా రెండు నిమిషాల మౌనం పాటించారు. మనం ఏటా జనవరి 30న ఉదయం 11 గంటలకు పాటించేది కూడా రెండు నిమిషాలే. మన సంతాప సభల్లో అది ఎంత ఉంటుందో నేను చేతి గడియారం చూసి లెక్కపెట్టాను. ఎక్కువగా ముప్పై, నలభై సెకన్లు. ఎవరో దగ్గగానే నిర్వాహకుడు "ధన్యవాదాలు" అంటాడు. మా మైకు సెట్టు అతనికి మాత్రం ఒక పద్ధతి ఉంది. మౌనం అనగానే తన పెట్టె మీటను పూర్తిగా కిందికి దించి, గడియారంలో రెండు నిమిషాలు నిండాకే పైకి ఎత్తుతాడు. ఈలోగా ఎవరు "ధన్యవాదాలు" అన్నా అది వారి నోటి దగ్గరే ఆగిపోతుంది. ఎవరు చెప్పారు నీకు అలా చేయమని అడిగితే, "రెండు నిమిషాలన్నారు కదండీ" అన్నాడు.

మీ కుర్చీల మీద ఒక్కొక్క తెల్ల కాగితం పెట్టించాను. మీ ఇంట్లో ఇప్పుడు బతికి ఉన్న ఒకరి గురించి, మీరు కళ్లారా చూసిన ఒక్క సంఘటన రాయండి. పుట్టిన ఊరు, చదువు, ఉద్యోగం రాయవద్దు, విశేషణం ఒక్కటి కూడా వాడవద్దు. టీ రావడానికి ఇరవై నిమిషాలు పడుతుందన్నారు. ముందుకు వచ్చిన ముగ్గురిచేత చదివిస్తాను, మైకు అక్కరలేదు.